డయబాలికల్ అనే మాటను ఎలా వాడాలి

ఇది ఎర్ర పెన్నుతో మొదలైన గొడవ. చిక్కడపల్లిలో సాయంత్రం పూట నేను ఇంగ్లీషు క్లాసు చెబుతాను. వచ్చేవాళ్లంతా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ బ్యాంకు పరీక్షలకీ, గ్రూప్స్‌కీ చదివే పిల్లలు. పగలంతా సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పోట్లాడి, ఆరింటికి సగం అలసిపోయి నా దగ్గరికొస్తారు. ఓసారి హైదరాబాద్ ఎండాకాలం మీద పదిహేను వాక్యాలు రాయమన్నాను. నల్గొండ నుంచి వచ్చిన ఒకబ్బాయి "ది హీట్ ఇన్ మే ఈజ్ డయబాలికల్" అని రాశాడు, అంటే మే నెల ఎండ డయబాలికల్ అని. చెడు తలపుతో తెలివిగా పన్నే కుట్రలకే ఆ మాట అని అప్పటికి నా లెక్క. నేను ఆ మాట కొట్టేసి, పక్కన "ఎండ కుట్రలు పన్నుతుందా నాయనా?" అని రాశాను. రాసి ఊరుకోకుండా క్లాసులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ నవ్వు నాకే తిరిగొచ్చింది. ఎలా వచ్చిందో దాని చోటికి చేరాక చెబుతాను. ముందు ఈ మాటను సరిగ్గా పట్టుకునే పద్ధతి చూద్దాం.

మొదట నోరు తిరగాలి

డై, అ, బా, లి, కల్. అయిదు ముక్కలు. బలం మూడోదాని మీద, అంటే "బా" మీద పడాలి. మనవాళ్లు చాలామంది "డయా" అని మొదటే సాగదీసి, మిగతాది మింగేస్తారు. అలా అంటే వినేవాడికి డయాబెటిక్ అన్నట్టు వినిపిస్తుంది. షుగర్ గురించి మాట్లాడుతున్నారనుకుంటాడు. నిజానికి ఆ రెండు మాటల్లో ముందున్న "డయా" ఒకటే. గ్రీకులో దానికి "గుండా, అడ్డంగా, ఈ వైపు నుంచి ఆ వైపుకి" అని అర్థం. ఒంట్లోంచి నీళ్లు ఆగకుండా పోయే రోగం కాబట్టి డయాబెటిస్ అన్నారు. ఇక్కడ పోయేది నీళ్లు కాదు, మాట. అది రెండో మెట్టు.

దెయ్యాన్ని పక్కన పెట్టండి

గైడ్లలో డయబాలికల్ ఎదురుగా "పైశాచికమైన" అని ఉంటుంది. పిల్లలు అదే బట్టీ పడతారు. తప్పు కాదు, కానీ సగమే. పైశాచికం అనగానే మనకు కళ్ల ముందు కనిపించేది క్రూరత్వం, రక్తం. తెలివి కనిపించదు. ఇంగ్లీషు మాటకు ప్రాణం ఆ తెలివిలోనే ఉంది.

ఎందుకిలా జరిగిందంటే, మన దెయ్యం వేరు, వాళ్ల డెవిల్ వేరు. మన దెయ్యం చింతచెట్టు మీద ఉంటుంది, తెల్లచీర కట్టుకుంటుంది, ఎవరికో పడుతుంది, వేపమండలు చూపిస్తే వదులుతుంది. పాపం దానికి ప్లానింగ్ ఏమీ ఉండదు. పైగా ఆ మాట పుట్టింది దైవం నుంచే. ప్రకృతి-వికృతుల్లో దైవానికి వికృతి దయ్యం అని బడిలో చదువుకున్నదే. మొత్తం తెలుగు వాడుకలో దెయ్యానికి కాస్త బుర్ర ఉన్నట్టు అనిపించే చోటు నాకు గుర్తున్నంతలో ఒక్కటే, "దెయ్యాలు వేదాలు వల్లించినట్టు" అనే సామెత. అందుకని "డెవిలిష్ కన్నింగ్" అన్నదాన్ని "దెయ్యపు తెలివి" అని తెలుగు చేస్తే ఏమీ తెలియదు.

వాళ్ల డెవిల్ అలా కాదు. ముందుగా మాట్లాడతాడు, ఆశ పెడతాడు, ఇద్దరి మధ్య పుల్ల పెడతాడు. మాట పుట్టుకలోనే ఇది ఉంది. గ్రీకులో "డయా" అంటే అడ్డంగా అనుకున్నాం కదా, "బల్లీన్" అంటే విసరడం. రెండూ కలిసి డయాబొలోస్, అంటే మనిషి మీద మాట విసిరేవాడు, లేనిపోనివి కల్పించి చెప్పేవాడు. మనమూ ఇక్కడ విసిరే భాషే వాడతాం చూడండి: నింద వేయడం, అభాండం వేయడం, బురద చల్లడం. యూదుల హీబ్రూ బైబిల్‌ని గ్రీకులోకి తెచ్చినవాళ్లు సాతాన్ అన్న మాట వచ్చిన చోట డయాబొలోస్ అని పెట్టారు. అదే లాటిన్ మీదుగా నలిగి నలిగి ఇంగ్లీషులో డెవిల్ అయింది. నలగకుండా వచ్చిన రూపం డయబాలికల్.

మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ తెలుగు బైబిల్ ఉంటే తీసి చూడండి. డెవిల్ ఉండాల్సిన చోట "అపవాది" అని ఉంటుంది. అపవాదు వేసేవాడు అపవాది. ఎవరు చేశారో గానీ, నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి అనువాదం లేదు. ఇంగ్లీషువాళ్ల డెవిల్ అన్న మాటలో అరిగిపోయిన అర్థం తెలుగులో చెక్కుచెదరకుండా ఉంది. గ్రీకులోకి తెచ్చినవాళ్ల ఎదురుగా ఉన్న ఆ హీబ్రూ సాతాన్‌కు చుట్టమే అరబ్బీ షైతాన్. దాన్ని మనం రోజూ వింటూనే ఉన్నాం. పాతబస్తీలో ఏ ఇంటి ముందు నిలబడ్డా ఓ తల్లి కొడుకుని "షైతాన్!" అని పిలవడం వినిపిస్తుంది. అందులో తిట్టు పావు వంతు, ముద్దు ముప్పావు వంతు. వీడి బుర్ర ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతుంటుంది అని ఆవిడ ఉద్దేశం. డయబాలికల్ అర్థం కావాలంటే పిశాచాన్ని కాదు, ఆ షైతాన్‌ని తలుచుకోండి. ముద్దు తీసేసి, దాని చోట విషం పెట్టండి.

రెండు ప్రశ్నలు అడగండి

వాడే ముందు ప్రతిసారీ మీకు మీరే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో చెడు తలపు ఉందా? ఇందులో మెచ్చుకోక తప్పనంత తెలివి ఉందా? రెండింటికీ అవును అయితేనే ఈ మాట. ఒక్కదానికే అవును అయితే వేరే మాట వెతుక్కోండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో బండి మీద వచ్చి గొలుసు తెంపుకుపోయినవాడు దుర్మార్గుడే. కానీ డయబాలికల్ కాదు, లాగడానికి తెలివి అక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి, గోడ మేకులకి, మీరు రాకముందే పగిలిన సింకుకి కలిపి లెక్క రాసి అడ్వాన్సులో సగం మింగే ఓనరు తెలివైనవాడే. అయినా డయబాలికల్ కాదు. వాడికి మీ మీద పగ లేదు, డబ్బు మీద ప్రేమ, అంతే. హైదరాబాద్‌లో వాడిని కంత్రీ అంటారు, సరిపోతుంది.

మరి ఏది డయబాలికల్? మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఒక పిన్నిగారు ఉంటారు. టీచరుగా రిటైరయ్యారు, పిల్లలిద్దరూ బయట దేశాల్లో. ఓ రోజు పొద్దున్న ఫోనొచ్చింది. మీ పేరు మీద వెళ్తున్న కొరియర్ పార్సిల్‌లో మత్తుమందు దొరికింది అన్నారు. తర్వాత వీడియో కాల్. అవతల యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక జెండా, టేబుల్ మీద ఫైళ్లు. "అమ్మా, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, మిమ్మల్ని ఎవరో ఇరికించారు, నేను సాయం చేస్తాను" అన్నాడట. ఆ "అమ్మా" దగ్గరే పడిపోయానని ఆవిడే చెప్పారు. ఫోన్ కట్ చేయకూడదు. కొడుక్కి చెప్పకూడదు, చెబితే వాడి వీసా పోతుంది. స్నానానికి వెళ్లినా కెమెరా తలుపు వైపు తిప్పి పెట్టాలి. బ్యాంకులో అడిగితే స్థలం కొంటున్నానని చెప్పాలి. పాలబిల్లు కోసం మా పనమ్మాయి తలుపు కొట్టినప్పుడు పిన్నిగారి చేతులు వణుకుతుండటం చూసి నన్ను పిలిచింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎఫ్‌డీ మొత్తం వెళ్లిపోయేది. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. ఇలా వీడియో కాల్‌లోనే కట్టిపడేసే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

దీన్ని విడదీసి చూడండి. దెబ్బ కొట్టలేదు, కేక వేయలేదు. ఒంటరిగా ఉన్న మనిషిని వెతికి పట్టుకుని, ఆవిడ నిజాయితీనే ఆవిడకు ఉచ్చుగా వేశారు. కొడుకు మీద ప్రేమను నోటికి తాళంగా వాడారు. "ఇట్ వాజ్ ఎ డయబాలికల్ స్కీమ్" అని ఇక్కడ ధైర్యంగా రాయండి. ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు.

పురాణాల్లోంచి కావాలంటే లక్క ఇల్లు ఉంది. క్లాసులో నేనెప్పుడూ అదే చెబుతాను. వారణావతంలో ఉత్సవం, చూసి రండి అని పాండవుల్ని ముద్దుగా పంపడం, పురోచనుడితో ముందే లక్కతో ఇల్లు కట్టించడం, అతిథి మర్యాదలు చేస్తూ మంచి రోజు చూసి నిప్పు పెట్టాలనుకోవడం. అదీ డయబాలికల్. ద్రౌపదిని సభలోకి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన దుశ్శాసనుడిది క్రూరత్వం, అక్కడ ఈ మాట కుదరదు. ఒకబ్బాయి "మరి శకుని, మేడమ్?" అన్నాడు. శకునికి ఈ మాట కొలత తీసి కుట్టించినట్టు ఉంటుంది.

చుట్టాల్లో ఎవరిని పిలవాలో చూసుకోండి

ఈ మాటకు చుట్టాలు చాలామంది. స్లై అంటే టక్కరి, గుంటనక్క రకం. చాటుగా పని కానిచ్చుకుంటాడు. క్రాఫ్టీ అంటే మన కంత్రీ. కన్నింగ్ ఇప్పుడు తెలుగే అయిపోయింది. "వాడు ఉత్త కన్నింగ్" అని మా అమ్మ కూడా అంటుంది, ఆవిడకి ఇంగ్లీషు రాదు. డీవియస్ అంటే తిన్నని దారిలో పోనివాడు, వంకర బుద్ధి. వీళ్లెవరికీ డెవిల్‌తో చుట్టరికం లేదు కాబట్టి తీవ్రత తక్కువ.

మాకియవెల్లియన్ అని ఒకటుంది. ఇటలీలో ఫ్లోరెన్స్‌కి చెందిన మాకియవెల్లి (1469–1527) అనే ఆయన రాజు గద్దె నిలుపుకోవాలంటే ఏం చేయాలో 1513లో రాసిపెట్టాడు. ఆయన పోయాక 1532లో అది అచ్చయింది. పేరు అప్పటి నుంచి తిట్టుగా నిలిచిపోయింది. పదవి కోసం, పట్టు కోసం చల్లగా పావులు కదిపేవాడికి ఇది వాడతారు. తమాషా ఏంటంటే మన పేపర్లు అలాంటి నాయకుణ్ణే "అపర చాణక్యుడు" అని రాస్తాయి, ఆయన మురిసిపోతాడు. అదే పేపరు ఇంగ్లీషు ఎడిషన్‌లో మాకియవెల్లియన్ అని వేస్తే పరువునష్టం నోటీసు వస్తుంది.

అందరికన్నా దగ్గరి చుట్టం ఫీండిష్. దీంతో జాగ్రత్త, ఇందులోని ఫీండ్ స్పెల్లింగులో ఒక్క "ఆర్" తేడాతో ఫ్రెండ్ అవుతుంది. పుట్టినరోజు నాడు వాట్సాప్‌లో "మై బెస్ట్ ఫీండ్" అని పెట్టినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. పాత ఇంగ్లీషులో ఫ్రెండ్ అంటే ప్రేమించేవాడు, ఫీండ్ అంటే ద్వేషించేవాడు. రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలు. ఫీండ్ మొదట మామూలు శత్రువే, తర్వాత్తర్వాత రాక్షసుడయ్యాడు.

అర్థంలో డయబాలికల్‌కీ ఫీండిష్‌కీ పెద్ద తేడా లేదు. వాడుకలో ఉంది. ఫీండిష్‌లో విషం తగ్గి, చిక్కు పెరిగింది. తలబద్దలయ్యే లెక్క, విప్పలేని పజిల్, వీటికి ఫీండిష్ అంటారు. లండన్ పత్రిక ది టైమ్స్ 2004 నవంబరులో సుడోకు వేయడం మొదలుపెట్టింది. అందులో కష్టమైన మెట్టుకు పేరే ఫీండిష్. బ్యాంకు పరీక్షలో సీటింగ్ అరేంజ్‌మెంట్ ప్రశ్న వస్తుందే, ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని సగం మంది బయటికి చూస్తుంటారు, అది ఫీండిష్. దాన్ని తయారుచేసినవాడి మీద మీకు కోపమూ ఉంటుంది, లోలోపల గౌరవమూ ఉంటుంది.

ఈ రెండూ కలిసిన భావానికి హైదరాబాద్‌లో పుట్టినవాళ్లకు విడిగా క్లాసు అక్కర్లేదు. మన దగ్గర ఖతర్నాక్ ఉంది. అసలు అర్థం ప్రమాదకరం. కానీ "ఖతర్నాక్ ప్లాన్ వేసిండు భాయ్" అన్నప్పుడు భయం ఎంత, మెప్పు ఎంత అని తూకం వేయగలరా? "పని రాక్షసుడు" అని మెచ్చుకుంటాం కదా, ఆ రాక్షసుడూ ఈ తూకంలోని మనిషే.

పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి

ఇది త్వరగా చెప్పేస్తాను. డయబాలికల్ పక్కన సహజంగా కూర్చునేవి: ప్లాన్, ప్లాట్, స్కీమ్, మైండ్, కన్నింగ్, లాఫ్. ఫీండిష్ పక్కన: ప్లాట్, పజిల్, లాఫ్. వీటి క్రియావిశేషణాలు ఇంకా బాగా పనికొస్తాయి: డయబాలికల్లీ క్లెవర్, ఫీండిష్లీ డిఫికల్ట్, ఫీండిష్లీ కాంప్లికేటెడ్. పొట్టి రూపం డయబాలిక్ కూడా ఉంది. అది అసలు డెవిల్ గురించి, క్షుద్రశక్తుల గురించి మాట్లాడేటప్పుడు నప్పుతుంది. మనుషుల కుయుక్తులకు పొడుగుదే మేలు.

ముందు "వెరీ" పెట్టకండి. "వెరీ వెరీ డయబాలికల్" అసలే వద్దు. అది ఇప్పటికే చిట్టచివరి మెట్టు మీద ఉన్న మాట. దాన్ని ఇంకా ఎక్కించడం అంటే "చాలా అమోఘం" అన్నట్టే. బలం కావాలంటే "అబ్సొల్యూట్లీ" గానీ "ట్రూలీ" గానీ పెట్టండి.

మనిషికి కాకుండా పనికి తగిలించండి

ఆఫీసులో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. "యువర్ ప్లాన్ ఈజ్ డయబాలికల్" అని నవ్వుతూ, ఎదురుగా కూర్చుని, టీ తాగుతూ అంటే పొగడ్త. అదే ముక్క మెయిల్‌లో వెళితే నవ్వు కనిపించదు, టీ కనిపించదు, మాట ఒక్కటే మిగులుతుంది. నేను పగలు ఓ అనువాదాల ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ ఒక కుర్రాడు పై అధికారి వేసిన షెడ్యూల్‌ని మెచ్చుకుందామని సరిగ్గా ఇదే రాశాడు. ఆయన డిక్షనరీ తీసి చూసుకున్నారు. తర్వాత వారం రోజులు ఆ గదిలో ఏసీ అవసరం లేకపోయింది. రాతలో మెప్పు చెప్పాలంటే "ఫీండిష్లీ క్లెవర్" అనండి. "క్లెవర్" పక్కన ఉండటం వల్ల మెప్పని తెలిసిపోతుంది.

మనిషినే డయబాలికల్ అనడం ఇంకా బరువు. దేవుణ్ణీ డెవిల్‌నీ నిజంగా నమ్మేవాళ్లకి అది అలంకారం కాదు, తిట్టే.

ఇంగ్లండువాళ్ల వాడుక వేరు

ఇప్పుడు ఎండ దగ్గరికొద్దాం. ఆ క్లాసు జరిగిన రెండు నెలలకి ఇంగ్లండు నుంచి ఒక క్లయింటు మెయిల్ పంపింది. మీటింగ్‌కి ఆలస్యమైనందుకు సారీ చెబుతూ "ది ట్రాఫిక్ వాజ్ డయబాలికల్" అని రాసింది. ట్రాఫిక్ కుట్ర పన్నిందా అని నేనే నవ్వబోయి ఆగిపోయాను. మంచి డిక్షనరీ తీసి కిందిదాకా చదివితే రెండో అర్థం కనిపించింది. బ్రిటన్ మాటల్లో డయబాలికల్ అంటే ఘోరం, దారుణం, అంతే. వాతావరణం డయబాలికల్, హోటల్లో భోజనం డయబాలికల్, మా టీము ఆట డయబాలికల్. అక్కడ తెలివీ లేదు, కుట్రా లేదు. మనం "రోడ్డు దరిద్రంగా ఉంది" అన్నప్పుడు రోడ్డుకి దరిద్రం పట్టిందని కాదు కదా.

కాబట్టి చదివేటప్పుడు రాసినవాడు ఏ ఊరివాడో చూడండి. పక్కన ప్లాన్, స్కీమ్ లాంటి మాట ఉంటే కుయుక్తి. వాన, తిండి, ట్రాఫిక్ ఉంటే ఉత్త విసుగు. ఈ రెండో వాడుక మాటల భాష. అర్జీల్లో, ఆఫీసు రిపోర్టుల్లో వద్దు.

తెలుగులోకి తేవాలంటే

ఒకే మాటకు ఒకే మాట దొరకదు, వెతకొద్దు. కుట్ర అయితే "కుతంత్రం" చాలు, "పైశాచిక కుతంత్రం" అంటే పత్రికల హెడ్డింగులా ఉంటుంది. మనిషి బుర్ర గురించైతే "శకుని బుద్ధి". పజిల్ అయితే "బుర్ర తినేసే" అనండి. సినిమాలో విలన్ నవ్వు అయితే "వికటాట్టహాసం" ఎప్పటి నుంచో ఉన్నదే. ఇంగ్లండువాళ్ల ట్రాఫిక్ అయితే "నరకం". హైదరాబాద్‌లో ఈ చివరిదానికి ఉదాహరణ అడగరని నమ్మకం. తెలుగు నుంచి ఇంగ్లీషుకి పోయేటప్పుడు మాత్రం ప్రతి నక్కజిత్తుకీ డయబాలికల్ తగిలించకండి. నక్క ఎంత జిత్తులమారిదైనా దానికి కావాల్సింది పూట గడవడమే.

ఆ నల్గొండ అబ్బాయిని తర్వాత ఓ సాయంత్రం క్లాసయ్యాక ఆపాను. క్లయింటు మెయిల్ చూపించి, నేను కొట్టేసిన మాట తప్పు కాదని చెప్పాను. వాడు ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు.

"అంటే మేడమ్, ఎగ్జామ్‌లో రాయొచ్చా?"

"వద్దు" అన్నాను. "దిద్దేవాళ్లు నాలాంటివాళ్లే ఉంటారు."